ఉత్తకాళ్లతో పరుగు: షూ వదిలే ముందు తెలుసుకోవాల్సిన విషయాలు

తిరుపతి: ఫజర్ నమాజ్ అయ్యాక ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్ వైపు వెళ్తే రెండు రకాల రన్నర్లు కనిపిస్తారు. కొందరు మందపాటి సోల్ ఉన్న స్పోర్ట్స్ షూ వేసుకుని పరుగెడుతుంటారు. ఇంకొందరు చెప్పులు ఒక పక్కన వదిలేసి, ప్యాంటు మడిచి, ఉత్తకాళ్లతోనే రౌండ్లు కొడుతుంటారు. చిత్తూరు, పీలేరు, కలికిరి, మదనపల్లె... ఏ ఊరి గ్రౌండ్‌కు వెళ్లినా దాదాపు ఇదే దృశ్యం. వీళ్లలో చాలామంది కానిస్టేబుల్ కొలువు కోసమో, అగ్నివీర్ ర్యాలీ కోసమో 1600 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చేసే పిల్లలే.

ఉత్తకాళ్లతో పరుగెత్తేవాళ్లలోనూ రెండు రకాలున్నారు. చిన్నప్పటి నుంచి అలాగే ఆడి అలవాటైనవాళ్లు ఒక రకం. ఫోన్‌లో వీడియో చూసి, "షూ తీసేస్తే స్పీడ్ పెరుగుతుందట" అని నిన్నటిదాకా వేసుకున్న షూ పక్కన పడేసినవాళ్లు రెండో రకం. చిక్కంతా ఈ రెండో రకంతోనే. రెండు మూడు వారాలకే పాదం వాచి మంచమెక్కితే, సంవత్సరాలుగా ఎదురుచూసిన ఫిజికల్ టెస్ట్ చేజారిపోతుంది.

ముందుగా ముఖ్యమైన మాటలు

- ఉత్తకాళ్ల పరుగు అందరికీ మందు కాదు, అందరికీ విషమూ కాదు. ఎంత మెల్లగా మారారన్నదే అసలు విషయం.
- షూకు అలవాటైన కాలు ఉత్తకాళ్ల పరుగుకు సిద్ధం కావడానికి కనీసం నాలుగు నెలలు పెట్టుకోవాలి.
- ఫిజికల్ టెస్ట్‌కు నాలుగు నెలల కంటే తక్కువ టైమ్ ఉంటే ఇప్పుడు ఏమీ మార్చకూడదు.
- షుగర్ ఉన్నవాళ్లు ఉత్తకాళ్లతో పరుగెత్తకూడదు.

బేర్‌ఫుట్, మినిమలిస్ట్ అంటే ఏమిటి?

బేర్‌ఫుట్ రన్నింగ్ అంటే కాళ్లకు ఏమీ లేకుండా పరుగెత్తడం. మినిమలిస్ట్ రన్నింగ్ అంటే పాదం సహజంగా కదలడానికి అడ్డు రాని పలచటి షూతో పరుగెత్తడం. మామూలు రన్నింగ్ షూలో మడమ కింద ఎత్తు ఎక్కువ, వేళ్ల కింద తక్కువ. ఈ తేడాను డ్రాప్ అంటారు. చాలా షూలలో ఇది 8 నుంచి 12 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. మినిమలిస్ట్ షూలో సున్నా నుంచి 4 మిల్లీమీటర్ల దాకానే ఉంటుంది. సోల్ పలచగా, చేత్తో మడిచేంత మెత్తగా ఉంటుంది. బరువు తక్కువ. వేళ్లు విప్పారడానికి ముందు భాగం వెడల్పుగా ఉంటుంది.

ఈ మోజు ఎక్కడి నుంచి వచ్చింది?

1960లో రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా ఉత్తకాళ్లతో పరుగెత్తి గెలిచాడు. టైమ్ 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లు. బేర్‌ఫుట్ గురించి మాట్లాడేవాళ్లంతా ఈ కథ చెబుతారు. మిగతా సగం మాత్రం చాలామంది చెప్పరు. అదే బికిలా 1964లో టోక్యోలో షూ వేసుకుని పరుగెత్తి మళ్లీ బంగారు పతకం గెలిచాడు. ఈసారి టైమ్ 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లు. అంటే మూడు నిమిషాలు తక్కువ. షూ వల్లే టైమ్ తగ్గిందని కాదు, ఉత్తకాళ్ల వల్లే రోమ్‌లో గెలిచాడనీ కాదు. రెండుసార్లూ గెలిపించింది ఆయన సాధన.

మన దగ్గరా ఇలాంటి కథ ఉంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టులో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. చలిలో జరిగిన ఆ మ్యాచ్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. అప్పుడు కోచ్ హైదరాబాద్‌కు చెందిన ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆ తర్వాత ఆటగాళ్లకు బూట్లు తప్పనిసరి చేశారు. రహీమ్ సాబ్ శిక్షణలో అదే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఉత్తకాళ్ల నుంచి బూట్లకు మారడానికీ సంవత్సరాల సాధన పట్టింది. బూట్ల నుంచి ఉత్తకాళ్లకు మారడమూ అంతే.

ఇప్పటి మోజు 2009లో మొదలైంది. ఆ ఏడాది అమెరికా రచయిత క్రిస్టఫర్ మెక్‌డూగల్ రాసిన 'బార్న్ టు రన్' పుస్తకం వచ్చింది. మెక్సికో కొండల్లో పలచటి చెప్పులతో మైళ్ల కొద్దీ పరుగెత్తే తారాహుమారా తెగ గురించి ప్రపంచమంతా తెలుసుకుంది. 2010 జనవరిలో హార్వర్డ్ ప్రొఫెసర్ డేనియల్ లీబర్‌మన్ బృందం 'నేచర్' పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. ఉత్తకాళ్లతో పరుగెత్తడం అలవాటైనవాళ్లు ఎక్కువగా పాదం ముందు భాగంతో దిగుతారని, అందువల్ల నేల తగిలిన క్షణంలో వచ్చే దెబ్బ తక్కువగా ఉంటుందని అందులో చెప్పారు.

దాంతో షూ కంపెనీలు రంగంలోకి దిగాయి. ఐదు వేళ్లకు ఐదు గదులతో, గ్లౌజ్ లాగా ఉండే వైబ్రమ్ ఫైవ్‌ఫింగర్స్ బాగా అమ్ముడయ్యాయి. అయితే ఆరోగ్య లాభాల గురించి కంపెనీ చెప్పినవాటికి సరైన ఆధారాలు లేవని అమెరికాలో కేసు పడింది. 2014లో కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే 37.5 లక్షల డాలర్లతో రాజీ చేసుకుంది. ప్రకటన చూసి షూ కొనేవాళ్లు, వీడియో చూసి షూ వదిలేసేవాళ్లు ఇద్దరూ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది.

కాలిలో ఏం జరుగుతుంది?

ఒక పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉంటాయి. పరుగులో ప్రతి అడుగుకూ శరీర బరువుకు దాదాపు రెండున్నర రెట్ల భారం కాలిపై పడుతుంది. 65 కిలోల కుర్రాడి లెక్క వేద్దాం. 1600 మీటర్లు 8 నిమిషాల్లో పూర్తి చేయాలి. నిమిషానికి 170 అడుగులు వేస్తే మొత్తం 1,360 అడుగులు, అంటే ఒక్కో కాలికి 680. ప్రతిసారీ 160 కిలోలకు పైగా భారం. ఒక్క పరుగులోనే ఇంత పని.

ఆ భారాన్ని మోసే చోటు షూను బట్టి మారుతుంది. మడమ ఎత్తున్న షూలో ఎక్కువమంది మడమతో దిగుతారు. భారం ఎక్కువగా మోకాలి వైపు వెళుతుంది. ఉత్తకాళ్లతో, ముందు పాదంతో దిగితే మోకాలికి కొంత ఊరట. కానీ ఆ భారం ఎక్కడికీ పోదు. పిక్కలు, మడమ వెనుక ఉండే అకిలిస్ స్నాయువు, వేళ్లకు వెనుక ఉండే సన్నటి ఎముకలు దాన్ని మోయాలి. ఒక జేబులోని ఖర్చును ఇంకో జేబుకు మార్చినట్టే ఇది. రెండో జేబులో అంత డబ్బు ఉందో లేదో ముందే చూసుకోవాలి.

కండ కొన్ని వారాల్లో గట్టిపడుతుంది. స్నాయువు, ఎముక గట్టిపడడానికి నెలలు పడుతుంది. మూడో వారానికి "ఇప్పుడు బాగా అలవాటైంది" అనిపించేది కండకు మాత్రమే. ఎముక ఇంకా సిద్ధంగా ఉండదు. ఎక్కువ దెబ్బలు తగిలేది సరిగ్గా ఈ దశలోనే.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

సారా రిడ్జ్ అనే అమెరికా పరిశోధకురాలు, ఆమె బృందం చేసిన రెండు పరిశోధనలు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేలిపోతుంది.

2013 నాటి పరిశోధనలో అనుభవమున్న 36 మంది రన్నర్లను తీసుకున్నారు. 19 మంది పది వారాల్లో క్రమంగా ఫైవ్‌ఫింగర్స్ షూకు మారారు. 17 మంది తమ పాత షూతోనే కొనసాగారు. చివర్లో ఎంఆర్ఐ తీస్తే, మారినవాళ్లలో 10 మందికి పాదం ఎముకల్లో వాపు పెరిగినట్టు తేలింది. పాత షూ వాళ్లలో ఒక్కరికే అలా జరిగింది. ఎముకలో ఈ వాపు స్ట్రెస్ ఫ్రాక్చర్‌కు ముందు మెట్టు. పది వారాలు కూడా చాలామందికి సరిపోలేదన్నమాట.

2019 పరిశోధనలో అలాంటి పలచటి షూతో పరుగెత్తించలేదు, నడిపించారు. ఎనిమిది వారాల్లో పాదం కండరాల పరిమాణం, బలం రెండూ పెరిగాయి. పాదాలకు ప్రత్యేకంగా వ్యాయామాలు చేసినవాళ్లతో సమానంగా లాభం వచ్చింది. ముందు నడక, తర్వాతే పరుగు అనడానికి ఇంతకంటే ఆధారం అక్కర్లేదు.

"ఉత్తకాళ్లవాళ్లంతా ముని పాదంతోనే దిగుతారు" అన్నది కూడా పూర్తి నిజం కాదు. కెన్యాలో ఎప్పుడూ ఉత్తకాళ్లతో తిరిగే దాసనాచ్ ప్రజలను 2013లో పరిశీలిస్తే, మామూలు వేగంతో పరుగెత్తేటప్పుడు ఎక్కువమంది మడమతోనే దిగారు. వేగం పెరిగినప్పుడు మాత్రమే కొందరు మారారు. కాబట్టి బలవంతంగా మునివేళ్ల మీద పరుగెత్తాల్సిన పని లేదు.

"అలిపిరి మెట్లు ఉత్తకాళ్లతోనే ఎక్కుతారు కదా?"

తిరుపతిలో ఈ మాట తరచూ వినిపిస్తుంది. అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లున్నాయి. ఏటా లక్షల మంది భక్తులు చెప్పుల్లేకుండానే ఎక్కుతారు. అయితే అది నడక. నడకలో ఎప్పుడూ ఒక కాలు నేల మీదే ఉంటుంది. పరుగులో రెండు కాళ్లూ గాల్లోకి లేచి, మొత్తం బరువు ఒక్క కాలిపై పడుతుంది. పైగా మెట్లు ఎక్కేది ఒకరోజు, ఆ తర్వాత విశ్రాంతి. ప్రాక్టీస్ పరుగు రోజూ ఉంటుంది. ఈ రెండింటికీ పోలిక కుదరదు.

ఎవరు చేయకూడదు?

షుగర్ ఉన్నవాళ్లు: చాలా ఏళ్లుగా షుగర్ ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. ముల్లు గుచ్చుకున్నా, కాలినా తెలియదు. చిన్న పుండు ముదిరి వేలు తీసేసే దాకా వెళ్లొచ్చు. వీళ్లు పరుగే కాదు, బయట ఉత్తకాళ్లతో నడవడం కూడా మానాలి. ఎండాకాలం జొహర్ వేళ మసీదు ముందు బండలు కాలిపోతుంటాయి. షుగర్ ఉన్న పెద్దలు గుమ్మం దాకా చెప్పులతో వెళ్లి, లోపల మేజోళ్లు వేసుకోవడం మంచిది.

వీళ్లు కూడా డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టకూడదు: గత ఏడాదిలో పాదం ఎముక విరిగినవాళ్లు, మడమ నొప్పి లేదా అకిలిస్ నొప్పి ఇప్పటికే ఉన్నవాళ్లు, కాళ్లలో రక్తప్రసరణ తక్కువగా ఉన్నవాళ్లు, ఎముకలు పలచబడిన పెద్ద వయసు మహిళలు, బరువు బాగా ఎక్కువున్నవాళ్లు.

మొదలుపెట్టే ముందు ఇంట్లో మూడు పరీక్షలు

1. ఒంటికాలిపై కదలకుండా 30 సెకన్లు నిలబడాలి. రెండు కాళ్లతోనూ చేసి చూడాలి.
2. గోడ పట్టుకుని, ఒంటికాలిపై మడమ 20 సార్లు పైకెత్తి దించాలి. నొప్పి రాకూడదు.
3. ఇంట్లోనో, మట్టి నేలపైనో 30 నిమిషాలు ఉత్తకాళ్లతో నడవాలి. మరునాడు పాదం నొప్పి ఉండకూడదు.

మూడింట్లో ఏ ఒక్కటి కుదరకపోయినా ఇంకా పరుగు టైమ్ రాలేదని అర్థం.

నాలుగు నెలల పద్ధతి

మొదటి నాలుగు వారాలు: పరుగు పాత షూతోనే. ఉత్తకాళ్లతో నడక మాత్రమే. రోజుకు 10 నిమిషాలతో మొదలుపెట్టి 30 నిమిషాలకు తీసుకెళ్లాలి. దీనితోపాటు రోజూ ఈ వ్యాయామాలు చేయాలి:

- మడమలు ఎత్తి దించడం, 15 చొప్పున రెండుసార్లు.
- నేల మీద తువ్వాలు పరిచి, కాలి వేళ్లతో దగ్గరికి లాక్కోవడం.
- వేళ్లు ముడవకుండా అరికాలి గుంతను పైకి లాగి ఐదు సెకన్లు ఉంచడం, పదిసార్లు.
- మడమలు నేలకు ఆనించి గొంతుకు కూర్చోవడం, రోజుకు కొన్ని నిమిషాలు.

ఐదో వారం నుంచి: వారానికి మూడు రోజులే, రోజు విడిచి రోజు. ఆ రోజు ప్రాక్టీస్ మొదట్లో, కాళ్లు తాజాగా ఉన్నప్పుడు 400 మీటర్లు ఉత్తకాళ్లతోనో, పలచటి షూతోనో మెల్లగా పరుగెత్తాలి. 100 మీటర్ల చొప్పున నాలుగు ముక్కలు చేసి, మధ్యలో నడవొచ్చు. మిగతా ప్రాక్టీస్ అంతా పాత షూతోనే.

ఆ తర్వాత వారానికి 100 మీటర్లు మాత్రమే కలపాలి. ఆరో వారం 500, ఏడో వారం 600... ఇలా వెళ్తే 17వ వారానికి 1600 మీటర్లు అవుతుంది. ఏ వారమైనా నొప్పి అనిపిస్తే దూరం పెంచకుండా అదే దూరం ఇంకో వారం చేయాలి. టైమ్ కొట్టే వేగవంతమైన పరుగు, స్ప్రింట్లు, లాంగ్ జంప్ ఈ నాలుగు నెలలూ ఉత్తకాళ్లతో వద్దు.

ఎలా పరుగెత్తాలి?

చూపు ముందుకు ఉండాలి. అడుగులు చిన్నవిగా, త్వరత్వరగా వేయాలి. పాదం శరీరం కిందనే దిగాలి, ముందుకు చాచి వేయకూడదు. పాదం ముందు భాగంతోనో, మధ్య భాగంతోనో మెత్తగా దిగి, తర్వాత మడమను కూడా నేలకు తాకనివ్వాలి. మడమ అసలు ఆనించకుండా మునివేళ్లపైనే పరుగెత్తితే పిక్కలు పట్టేస్తాయి. తేలిక గుర్తు ఒకటుంది: టపటపమని శబ్దం వస్తుంటే గట్టిగా దిగుతున్నట్టు. శబ్దం తగ్గేకొద్దీ అడుగు కుదురుతున్నట్టు.

మన దగ్గర ఏ నేల మంచిది?

చదునైన, గట్టిపడిన మట్టి ట్రాక్ మొదలుపెట్టడానికి బాగుంటుంది. కింద ఏముందో కంటికి కనిపించాలి. పచ్చిక మెత్తగా ఉన్నా, లోపల గాజు పెంకులు, ముళ్లు కనపడవు. లోతైన ఇసుకలో మడమ కిందికి దిగబడి అకిలిస్ బాగా సాగుతుంది. కాబట్టి స్వర్ణముఖి ఇసుకలో పరుగు కొత్తవాళ్లకు వద్దు. మేడ మీద సిమెంటు నేల నడకకు బాగుంటుంది, పరుగుకు కాదు. చోటు చిన్నది కావడంతో పదేపదే మలుపు తిరగాల్సి వస్తుంది.

పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు మన ప్రాంతంలో ఎక్కువ. పరుగుకు ముందు ఒక రౌండ్ నడిచి నేల చూసుకోవాలి. చీకట్లో, పొలం గట్ల మీద, చెరువు కట్టల మీద ఉత్తకాళ్లతో వెళ్లకూడదు, పాముల భయం ఉంటుంది. బహిర్భూమికి వాడే చోట్ల కొంకి పురుగులు పాదం చర్మం గుండానే ఒంట్లోకి వెళతాయి. మేలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, తారు రోడ్డు అంతకంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. పొద్దున ఏడు దాటాక ఉత్తకాళ్లతో రోడ్డెక్కొద్దు. ముల్లు లోతుగా దిగితే సబ్బు నీళ్లతో కడిగి, ధనుర్వాతం టీకా అవసరమా అని ఆస్పత్రిలో అడగాలి.

రోజూ ఐదుసార్లు వుజూలో కాళ్లు కడుగుతాం, వేళ్ల సందుల్లోనూ వేలు తిప్పుతాం. అదే సమయంలో బొబ్బలు, పగుళ్లు, వాపు ఉన్నాయేమో ఒక్కసారి చూసుకుంటే పాదాల పరీక్ష అయిపోయినట్టే. ఈ అలవాటు రన్నర్లకే కాదు, ఇంట్లో షుగర్ ఉన్న పెద్దలకు ఇంకా అవసరం.

ఏ నొప్పి మామూలు, ఏది ప్రమాదం?

పిక్కలు ఒకటి రెండు రోజులు పట్టినట్టుండడం, అరికాలి చర్మం మంటగా ఉండడం మామూలే. కింది గుర్తుల్లో ఏది కనిపించినా పరుగు ఆపాలి:

- పాదం పైభాగంలో ఒకేచోట వేలితో నొక్కితే గట్టిగా నొప్పి, లేదా వాపు
- నడిచినా, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి
- పొద్దున లేచి మొదటి అడుగు వేయగానే మడమలో సూది గుచ్చినట్టు నొప్పి
- మడమ వెనుక స్నాయువు లావెక్కి, ముట్టుకుంటే నొప్పి

మొదటి రెండూ స్ట్రెస్ ఫ్రాక్చర్ గుర్తులు కావచ్చు. ఇక్కడ ఒక ముఖ్య విషయం ఉంది. స్ట్రెస్ ఫ్రాక్చర్ మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. "ఎక్స్‌రే నార్మల్" అనగానే మళ్లీ పరుగెత్తి, సన్నటి చీలికను పూర్తి విరుగుడుగా మార్చుకునే ప్రమాదం ఉంది. నొప్పి తగ్గకపోతే మళ్లీ చూపించుకోవాలి. ఎంఆర్ఐ అవసరమా అని అడగాలి. తిరుపతిలో రుయా ఆస్పత్రిలో, బర్డ్ ఆస్పత్రిలో ఎముకల వైద్యులున్నారు. ఈ ప్రాంతంలో చాలామంది పుత్తూరు కట్టుకు వెళ్తారు. అటు వెళ్లాలనుకున్నా, లోపల ఏముందో ముందు పరీక్షలో తెలుసుకోవడం మంచిది. నొప్పి ఉన్నచోట గట్టిగా మర్దన చేయించకూడదు. ఇలాంటి చీలికలు చాలావరకు ఆరు నుంచి ఎనిమిది వారాల విశ్రాంతితో మానిపోతాయి. విశ్రాంతి తీసుకోకపోతే నెలలు పడుతుంది.

ఫిజికల్ టెస్ట్ రాసేవాళ్లకు

ఏపీ కానిస్టేబుల్ ఎంపికలో 1600 మీటర్లను పురుషులు 8 నిమిషాల్లో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి. అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్లకు మొదటి గ్రూపు మార్కులు కావాలంటే 5 నిమిషాల 30 సెకన్లు దాటకూడదు.

2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ప్రిలిమ్స్ 2023 జనవరి 22న జరిగింది. ఫిజికల్ టెస్టులు మొదలైంది మాత్రం 2024 డిసెంబరు 30న. మధ్యలో దాదాపు రెండేళ్లు. ఆ రెండేళ్లూ ఖాళీగా ఉండి, హాల్ టికెట్ వచ్చాక గ్రౌండ్‌కు పరుగెత్తేవాళ్లే ఎక్కువగా దెబ్బ తగిలించుకుంటారు. పాదాలను బలపరచుకోవాలంటే నోటిఫికేషన్ల మధ్య ఉండే ఈ ఖాళీ టైమే సరైనది.

లెక్క సులువు. టెస్ట్‌కు నాలుగు నెలలకు పైగా ఉంటే పై పద్ధతి మొదలుపెట్టొచ్చు. అంతకంటే తక్కువ ఉంటే ఇప్పుడు ఏది అలవాటో దానితోనే పరుగెత్తాలి. ఇది రెండు వైపులా వర్తిస్తుంది. చిన్నప్పటి నుంచి ఉత్తకాళ్లతో పరుగెత్తే పల్లెటూరి పిల్లాడికి టెస్ట్‌కు వారం ముందు బరువైన కొత్త షూ కొనిచ్చినా అంతే నష్టం. బొబ్బలు వస్తాయి, అడుగు కుదరదు. కొనిస్తే రెండు మూడు నెలల ముందే కొనివ్వాలి.

ఇంకో విషయం చదును పాదం. పోలీసు, ఆర్మీ వైద్య పరీక్షల్లో దీన్ని చూస్తారు. ఇంట్లోనే తెలుసుకోవచ్చు. వుజూ చేసి తడి కాలితో ఆరిన గచ్చుపై అడుగు వేయాలి. పాదం లోపలి వైపు గుంత కనపడకుండా అరికాలంతా నిండుగా ముద్ర పడితే చదును పాదం అయ్యే అవకాశం ఉంది. మునివేళ్లపై నిలబడినప్పుడు గుంత కనిపిస్తే అది మెత్తటి రకం, వ్యాయామాలతో బలపరచుకోవచ్చు. అప్పుడూ కనపడకపోతే ఎముకల డాక్టర్‌ను కలవాలి. ఉత్తకాళ్లతో పరుగెత్తితే చదును పాదం పోతుందని ఎవరైనా గ్యారంటీ ఇస్తే నమ్మొద్దు.

పిల్లల విషయంలో

1992లో కర్ణాటకకు చెందిన వైద్యులు ఉదయ భాస్కర రావు, బెంజమిన్ జోసెఫ్ 2,300 మంది పిల్లల పాదముద్రలు పరిశీలించారు. షూ, చెప్పులు వేసుకునే పిల్లల్లో 8.6 శాతం మందికి చదును పాదం ఉంటే, ఉత్తకాళ్లతో తిరిగే పిల్లల్లో 2.8 శాతం మందికే ఉంది. వేళ్లు మూసేసే షూ వాడేవాళ్లలో ఎక్కువ, చెప్పులవాళ్లలో తక్కువ. ఒక్క సర్వేతో షూనే కారణమని తేల్చలేం. కానీ ఇంట్లో, శుభ్రమైన మట్టిలో పిల్లలు ఉత్తకాళ్లతో ఆడుకుంటే భయపడాల్సిన పని లేదు, పాదాలకు అది మంచిదే. స్కూలు షూ కొనేటప్పుడు "రెండేళ్లు వస్తుంది" అని పెద్ద సైజు, "ఇంకో నాలుగు నెలలు లాగొచ్చు" అని ఇరుకు సైజు రెండూ వద్దు.

మహిళలకు

ఇంట్లో ఎక్కువసేపు ఉత్తకాళ్లతో గచ్చుపై నిలబడి పనిచేసే మహిళల్లో మడమ నొప్పి ఉంటే, ముందు అది తగ్గించుకోవాలి. ఇంట్లో మెత్తటి చెప్పులు వాడొచ్చు. కానిస్టేబుల్‌కు ప్రాక్టీస్ చేసే అమ్మాయిలకు పద్ధతి అబ్బాయిలదే. సల్వార్ అంచు చీలమండ పైకి ఉండేలా చూసుకోవాలి, ఉత్తకాలి వేళ్లకు గుడ్డ తగులుకుంటే బోర్లా పడతారు.

పలచటి షూ కొనేటప్పుడు

కాళ్లు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట కొనాలి. నిలబడి చూస్తే పొడవైన వేలు ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. వేళ్లు విప్పగలగాలి. షూను మధ్యలో మడిస్తే సులువుగా మడవాలి. ఖరీదైన బ్రాండే కావాలని లేదు, పలచటి సోల్ ఉండే మామూలు కాన్వాస్ షూ కూడా నడకకు, మొదటి వారాలకు పనికొస్తుంది. వేళ్ల దగ్గర ఇరుకైతే మాత్రం వద్దు. పాత షూ పారేయొద్దు, నాలుగు నెలలూ అది అవసరమే.

తరచూ అడిగే ప్రశ్నలు

ఉత్తకాళ్లతో స్పీడ్ పెరుగుతుందా?
షూ బరువు తగ్గడం వల్ల కొంచెం తేలిక అనిపించొచ్చు. 8 నిమిషాల 40 సెకన్లను 8 నిమిషాల లోపుకు తెచ్చేది మాత్రం నెలల తరబడి చేసే ప్రాక్టీసే.

మోకాలి నొప్పి పోతుందా?
కొందరికి అడుగు చిన్నది చేస్తే తగ్గుతుంది. అందుకు షూ తీయాల్సిన పని లేదు, షూతోనే అడుగు చిన్నది చేసి చూడొచ్చు.

రంజాన్‌లో మొదలుపెట్టొచ్చా?
ఆ నెలలో కొత్త మార్పు వద్దు. అప్పటికే మొదలుపెట్టినవాళ్లు దూరం పెంచకుండా, ఇఫ్తార్ తర్వాత కొంత విరామం ఇచ్చి తేలికగా చేసుకోవచ్చు.

అరికాలి చర్మం గట్టిపడితే సిద్ధమైనట్టేనా?
కాదు. చర్మం ముందుగా గట్టిపడుతుంది. ఎముక అందరికంటే చివర. చర్మాన్ని చూసి దూరం పెంచొద్దు, క్యాలెండర్ చూసి పెంచాలి.

షూ కొనే స్తోమత లేక ఉత్తకాళ్లతో పరుగెత్తే పిల్లలు మన మధ్యే ఉన్నారు. అలవాటున్నంత వరకు వాళ్లకు అందులో తక్కువేమీ లేదు. దూరం ఒక్కసారిగా పెంచకుండా, నేల చూసుకుని, నొప్పి వచ్చినప్పుడు దాచకుండా ఇంట్లో చెబితే చాలు. "ఈ నొప్పి ఏముంది, పోతుందిలే" అని పెద్దవాళ్లు కొట్టిపారేయకుండా, ఒకేచోట నొప్పి వారం దాటితే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. ఒక నోటిఫికేషన్ పోతే మరొకటి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో ఇక్కడి ఇళ్లలో అందరికీ తెలుసు.